కుక్క కేసు నర్సమ్మ

బెజవాడ మునిసిపాలిటీలో మిడ్‌వైఫ్‌గా చేరిన కొత్తలో నా చేతుల మీద పుట్టిన పిల్లలు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. బజారులో కనిపిస్తే ఆగి పలకరిస్తారు. పక్కనున్నవాళ్ళకు నన్ను పరిచయం చేస్తారు. "ఈవిడే, కుక్క కేసు నర్సమ్మ" అంటారు. ఎన్ని కష్టమైన కాన్పులు చేశాను, ఎన్ని వరదల్లో పడవెక్కి ఏటి మధ్య లంకలకు వెళ్ళాను, అవేవీ ఎవరికీ గుర్తు లేవు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. తరువాత అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అనడం మరిచిపోతే నాకే వెలితిగా ఉంటుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన అమ్మాయిలు ఆ కేసేమిటని అడుగుతూ ఉంటారు. అందుకని ఒకసారి పూర్తిగా చెప్పేస్తున్నాను. మనుషుల పేర్లు చెప్పను. వాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లల పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. కుక్క పేరు చెబుతాను, టైగరు. అది నా మీద పరువునష్టం దావా వెయ్యదు.

యుద్ధం ఇంకా జరుగుతున్న రోజులు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని విని ఊరు సగం ఖాళీ అయి, మళ్ళీ నిండింది. బియ్యానికి కరువు. ధాన్యం ఉన్నవాడికి నిద్ర లేదు. ఏలూరు కాలువ పక్కన ఒక రైసు మిల్లు యజమాని ఉండేవారు. ఆయన తండ్రి దివిసీమలో వ్యవసాయం చేసినాయన. ఈయన ఊళ్ళోకి వచ్చి మిల్లు పెట్టి, మేడ కట్టి, మేడ చుట్టూ ప్రహరీ లేపారు. పెరట్లోనే ధాన్యం కొట్లు ఉండేవి. దొంగల భయంతో, ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక రైల్వే దొర దగ్గర టైగరును కొనుక్కొచ్చారు. దూడంత కుక్క. పగలు గొలుసుతో కట్టేవాళ్ళు, రాత్రి వదిలేవాళ్ళు.

ఒక రోజు బాగా తెల్లవారాక ఆ ఇంటి పనిమనిషి మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. కోడలికి, అంటే మిల్లు యజమాని భార్యకు, రాత్రి నుంచీ నొప్పులట, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నట్టుందని పెద్దావిడ గాభరా పడుతున్నారట. "పెరటి గేటులోంచి రమ్మన్నారమ్మా, పెద్దమ్మగారు" అని చెప్పి, మందుల కొట్టుకు వెళ్ళాలంటూ అటే పోయింది. పురుడు పోసే మనిషి వీధి గుమ్మంలోంచి రాకూడదని ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో పట్టింపు. నేను దాన్ని పట్టించుకునేదాన్ని కాదు. ఏ గుమ్మమైతేనేం, లోపల మనిషి ఉంటుంది కదా.

సంచీ తీసుకుని జట్కా ఎక్కాను. పెరటి గేటుకు ఒక రేకు ముక్క కట్టి ఉంది. 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని తారుతో రాశారు. ఒక్క క్షణం ఆగాను. లోపల నుంచి ఆ కోడలు పిల్ల అరుపు వినిపించింది. ఈపాటికి కట్టేసి ఉంటారు కదా అనుకుని గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను.

కట్టలేదు. ఇంటిల్లిపాదీ కోడలి గొడవలో ఉండి, కాపలా వాడు ఎక్కడో నిద్రపోతూ, ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. అది మొరగను కూడా లేదు. ధాన్యం కొట్టు వెనకనుంచి వచ్చి నా ఎడమ పిక్క పట్టుకుంది. సంచీతో దాని ముఖాన కొట్టాను. సంచీలో కత్తెర, డెట్టాలు సీసా, అన్నీ ఉన్నాయి కనక బరువుగానే తగిలి ఉంటుంది. వదిలింది. కేకలు విని వంటవాడు కర్ర పట్టుకుని వచ్చి దాన్ని తరిమాడు.

ఇంటి యజమాని తల్లి గుమ్మంలోకి వచ్చారు. అరవై దాటిన మనిషి, పొడుగు, తెల్ల పంచె. నా కాలు చూసి, "మళ్ళీ కరిచిందా ఇది" అన్నారు. ఆ తరువాత, "అమ్మా, నువ్వు చెయ్యగలవా, ఇంకెవరినైనా పిలిపించనా" అన్నారు.

ఇంకెవరూ లేరని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. నీళ్ళు తెప్పించి కాలు కడిగి, నా పాత చీర ముక్క గట్టిగా కట్టుకుని లోపలికి వెళ్ళాను. ఎదురుకాళ్ళ బిడ్డ. అటువంటప్పుడు తొందర పడకూడదు, ఆలస్యమూ చెయ్యకూడదు. అంతకు మించి ఇక్కడ చెప్పను, మీకు ఎలాగూ పాఠాల్లో ఉంటుంది. చాలా సేపటికి బిడ్డ బయటపడ్డాడు. నీలంగా ఉన్నాడు. వీపు మీద రుద్దితే, కాసేపు మమ్మల్ని భయపెట్టి, అప్పుడు ఏడ్చాడు. నేను లేచి నిలబడబోతే కాలు నిలవలేదు. గచ్చు మీద ఉన్న రక్తంలో ఎంత ఆ పిల్లదో, ఎంత నాదో తెలియలేదు. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తన చేత్తో కాఫీ తెచ్చి ఇచ్చారు.

కుక్కకు పిచ్చి లేదని తరువాత తేలింది కానీ, అప్పుడు ఎవరు చెప్పగలరు. రోజూ కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి పొట్టలో ఇంజెక్షన్లు చేయించుకున్నాను. ఆ సూది సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇంజెక్షన్లు అయ్యేసరికి గాయం చీము పట్టింది. మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. ఈ లోపల మిల్లు నుంచి ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు.

నడవగలిగాక నేనే వెళ్ళాను. డబ్బు కోసం కాదు. కుక్కను పగలు కట్టేసి ఉంచమని చెబుదామని, ఒక మంచి మాట అంటారేమోనని. మిల్లు యజమాని వరండాలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. నన్ను చూసి పేపరు దించలేదు.

"బోర్డు పెట్టాంగా" అన్నారు.

"పెట్టారండి. కాని పిలిచినప్పుడు కట్టెయ్యాలి కదండీ."

"ఎవరు పిలిచారు నిన్ను? నేను పిలిచానా? నా కాంపౌండు, నా కుక్క. నీ ఇష్టమొచ్చిన దారిన వచ్చి కరిపించుకుని నన్నడుగుతావేంటి?"

వెనక్కి వచ్చేశాను. దారిలో, ఇంట్లో, మా కాన్పుల సెంటరులో, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాను. ఆ మాటలు ఆయన చెవిన పడినట్టున్నాయి. వారం తిరగకుండా మునిసిపాలిటీ హెల్తాఫీసరు నన్ను పిలిచారు. పిలవకుండా తమ పెరట్లోకి, అందులోనూ ధాన్యం కొట్లున్న వైపుకు జొరబడ్డానని మిల్లు యజమాని ఫిర్యాదు చేశారట.

హెల్తాఫీసరు చెడ్డవారు కాదు, భయస్తులు. "మిడ్‌వైఫులంటే నాలుగిళ్ళల్లోకి వెళ్ళేవాళ్ళు. ఒకసారి ఇట్లాంటి మాట వచ్చిందంటే ఎవరు రానిస్తారమ్మా?" అన్నారు. "ఆయన్ని కలిసి క్షమించమని అడుగు. నేనూ ఇక్కడితో వదిలేస్తాను."

"నేనెందుకు అడగాలండీ?"

"మరి సంజాయిషీ రాసివ్వు. పిలిచారని రుజువు చూపించు. లేకపోతే నేనేం చెయ్యలేను."

కుక్క కరిచినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ గదిలోంచి బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి ఏడ్చాను. ధాన్యం దొంగతనానికి వెళ్ళినట్టే కదా ఆ మాటకు అర్థం. ఒకసారి ఆ పేరు పడితే ఏ ఇంటి తలుపు తెరుచుకుంటుంది?

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. మాది మగ్గం నేసే ఇల్లు. కాని నూలు దొరకని రోజులు కావడంతో ఆయన వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా పనిచేస్తున్నారు. తక్కువ మాటల మనిషి. అంతా విని, "దావా వేద్దాం" అన్నారు. అన్నం తిని లేచి వెళ్ళిపోయారు.

అలా నేను ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. గవర్నర్‌పేటలో కాఫీ హోటలు మీద ఒక గది. ఆయన పట్టా పుచ్చుకుని ఎంతో కాలం కాలేదు. నల్లకోటు అప్పటికే మోచేతుల దగ్గర పలచబడింది, ఎవరిదో పాతది అయి ఉంటుంది. అంతకు కొన్ని నెలల ముందే ఆయన భార్యకు నేనే పురుడు పోశాను.

"మీరు తెచ్చిన పిల్ల మమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదండీ" అన్నారు నన్ను చూడగానే. "మిమ్మల్ని అడగాలనే అనుకుంటున్నాను."

నా సంగతి విన్నాక ఆ నవ్వు పోయింది. కాగితం కూడా తీసుకోకుండా, వేళ్ళ మీద చెప్పారు. కుక్క ఉన్న ప్రతివాడూ అది కరిచిన ప్రతిసారీ జవాబుదారీ కాడు. తన స్థలంలో కుక్కను పెట్టుకునే హక్కు మనిషికి ఉంది. దొంగతనంగా వచ్చినవాణ్ణి అది కరిస్తే చట్టం పెద్దగా జాలి పడదు. కాని పని మీద పిలిపించిన మనిషి సంగతి వేరు. ఆ కుక్క కరిచే కుక్క అని తెలిసీ యజమాని వదిలేస్తే ఆ సంగతి ఇంకా వేరు.

"కాబట్టి మనం రెండు రుజువు చెయ్యాలి" అన్నారు. "మిమ్మల్ని పిలిచారని. అది కరుస్తుందని ఆయనకు ముందే తెలుసునని."

"ఊరంతటికీ తెలుసు కదండీ."

"ఊరు బోనెక్కదండీ. ఎవరైనా ఒక మనిషి ఎక్కాలి."

ఎక్కే మనిషి దొరకలేదు. నన్ను పిలవడానికి వచ్చిన పనిమనిషిని గన్నవరం అవతల ఆమె పుట్టింటికి పంపేశారు. మా ఆయన వెతుక్కుంటూ వెళితే, అక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్ళిందన్నారు. పాలవాడి చేతిని టైగరు కొరికిందని అందరూ అనుకునేవారు. అతణ్ణి అడిగితే, "బిందె గీసుకుందండీ" అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. మిల్లు కూలీలను అడగడం వాళ్ళకు అన్యాయం చెయ్యడమే అని మేమే అడగలేదు.

అయినా దావా పడింది. మిల్లు యజమాని జవాబు దాఖలు చేశారు. మా కుక్క పసిపిల్లలతో ఆడుకుంటుంది, ఇంతవరకు ఎవరినీ కరవలేదు, వాదిని ఎవరూ పిలవలేదు, బోర్డు చూసి కూడా లోపలికి వచ్చింది కనక తప్పంతా ఆమెదే, ఇదీ సారాంశం. నాకు తెలుగులో చెప్పినప్పుడు మా ప్లీడరు కుక్క గురించిన వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

దావా పడిన మర్నాడే బట్టల కొట్టు షావుకారు మా ఆయన్ను పిలిపించారట. ఆయనా మిల్లు యజమానీ స్నేహితులు. ఆ రోజు మా ఆయన ఎండ ఉండగానే ఇంటికి వచ్చి, చొక్కా విప్పి, చాలా కాలంగా కప్పి ఉంచిన మగ్గం మీది గుడ్డ తీసి దులుపుతున్నారు.

"ఏంటండీ ఇప్పుడొచ్చారు?"

"షావుకారు గారు అడిగారు, నీ ఆడదాన్ని అదుపులో పెట్టుకోలేవా అని."

"మీరేమన్నారు?"

"మీ స్నేహితుణ్ణి కుక్కను అదుపులో పెట్టుకోమనండి, సరిపోతుంది అన్నాను."

"అమ్మో. ఆయనేమన్నారు?"

"రేపట్నించీ రావద్దన్నారు." మగ్గం దులుపుతూనే, "నూలు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడాలి" అన్నారు.

ఆ క్షణంలో నాకు ఎంత భయం వేసిందో అంత గర్వమూ కలిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకు ఒక పువ్వు తెచ్చి ఎరుగరు. అయినా ఆ మాట చాలదా అనిపించింది.

కోర్టులో మొదట నా సాక్ష్యం. మునసబు కోర్టు హాలు నిండిపోయింది. కుక్క కాటు మీద దావా ఏమిటని చూడడానికి ప్లీడర్లే ఎక్కువమంది వచ్చారు. ప్రతివాది తరఫున ఊళ్ళో పేరున్న పెద్ద ప్లీడరు. గొంతు పెంచే మనిషి కాదు. అమ్మా అమ్మా అంటూనే అడిగారు.

"గేటుకు బోర్డు ఉందామ్మా?"

"ఉందండి."

"మీకు చదువు వచ్చు కదా?"

"వచ్చండి."

"బోర్డు చదివారా?"

మా ప్లీడరు నా వైపు చూస్తున్నారు. ప్రమాణం చేశాను కదా. "చదివానండి" అన్నాను.

"చదివి కూడా లోపలికి వెళ్ళారు?"

"వెళ్ళానండి. లోపల ఆ పిల్ల అరుస్తోంది."

"చదివి కూడా వెళ్ళారు" అని ఆయన మరొకసారి అని, జడ్జి గారు రాసుకునేదాకా ఆగి, కూర్చున్నారు. హాల్లో గుసగుసలు. ఓడిపోయామని నాకు అర్థమైంది.

కేసు వాయిదా పడింది. మేము ముగ్గురం కోర్టు ఎదుట సోడా బండి దగ్గర నిలబడ్డాం. మా ప్లీడరు నన్ను ఒక్క మాట అనలేదు. సోడా సగం తాగి, "మళ్ళీ మొదటినుంచీ చెప్పండి. కుక్క వదిలాక ఏం జరిగిందో, ఎవరేమన్నారో, అన్నీ" అన్నారు.

చెప్పాను. వంటవాడు కర్ర తెచ్చాడు. పెద్దావిడ గుమ్మంలోకి వచ్చారు. మళ్ళీ కరిచిందా ఇది అన్నారు. నేను నీళ్ళు అడిగాను.

"ఆగండి. ఏమన్నారు ఆవిడ?"

"మళ్ళీ కరిచిందా ఇది అన్నారండి."

ఆయన సోడా బుడ్డి బండి మీద పెట్టేశారు. "మళ్ళీ అన్నారా? ఆ మాటే అన్నారా?"

"ఆ మాటే అన్నారండి. ఏం?"

"మళ్ళీ అంటే అంతకు ముందు కరిచిందనే కదండీ అర్థం" అన్నారు మా ఆయన మెల్లగా.

ఆ మాట నేను చెబితే చాలదట. అన్న మనిషే చెప్పాలి. అంటే మిల్లు యజమాని తల్లిని, కొడుకు మీద దావాలో, మా సాక్షిగా పిలవాలి. ఈ ఆలోచన విని పై పోర్షనులో ఉండే సీనియరు ప్లీడర్లు నవ్వారట. మా ప్లీడరు ఆ ప్రమాదం నా దగ్గర దాచలేదు. "ఆవిడ అట్లా అనలేదంటే మనం అక్కడితో అయిపోయినట్టే. మనం పిలిచిన సాక్షిని అబద్ధమాడుతోందని మనమే అనడానికి వీలుండదు. ఆలోచించుకోండి" అన్నారు.

ఆ రోజు ఆవిడ తన చేత్తో కాఫీ తెచ్చి ఇవ్వడం నాకు గుర్తుంది. "పిలవండి" అన్నాను.

సమన్లు పట్టుకెళ్ళిన కోర్టు బంట్రోతు గేటు తీయడానికి ఒప్పుకోలేదు. రోడ్డు మీదే నిలబడి కేకలు వేశాడట. చివరికి పెద్దావిడే గేటు దాకా నడిచి వచ్చి కాగితం తీసుకున్నారు. తరువాత వాయిదాలో పెద్ద ప్లీడరు ఒక పిటిషను పెట్టారు. గౌరవమైన ఇంటి స్త్రీ, వయసు మళ్ళినావిడ, కోర్టుకు రావడం వాళ్ళ ఇంట ఆచారం కాదు, కనక ఎవరినైనా ఇంటికే పంపి సాక్ష్యం రాయించుకోవాలి అని. కొడుకు పక్కన కూర్చుని ఉండగా ఆవిడ ఏం చెబుతారు? జడ్జి గారు సరేననబోతున్నారు. ఆ సమయంలో గుమ్మం దగ్గర కలకలం. జనం పక్కకు తప్పుకున్నారు. తెల్ల పంచె కొంగు భుజం చుట్టూ కప్పుకుని పెద్దావిడ నడిచి వస్తున్నారు. జట్కాలో ఒంటరిగా వచ్చారు.

"నేను వచ్చేశానండి. ఇక్కడే చెబుతాను" అన్నారు.

కుర్చీ వేయించారు. కూర్చోలేదు. బోనులో నిలబడి ప్రమాణం చేశారు. మిల్లు యజమాని ముందు వరసలో ఉన్నారు. ఆయన తల్లి వైపే చూస్తున్నారు. ఆవిడ జడ్జి గారి వైపు తప్ప ఎటూ చూడలేదు.

మా ప్లీడరు లేచారు. "ఈవిణ్ణి ఆ రోజు ఎవరు పిలిచారమ్మా?"

"నేను పిలిపించానండి. పెరటి గేటులోంచి రమ్మన్నదీ నేనే. ఆ తప్పు నాది, రాసుకోండి."

"కుక్క కరిచాక మీరేమన్నారు?"

"మళ్ళీ కరిచిందా అన్నాను."

"మళ్ళీ అని ఎందుకన్నారు?"

ఆవిడ కొంగు తీసి ఎడమ చెయ్యి చాపారు. మోచేతి కింద, పాతబడిన మచ్చలు. దూరం నుంచి కూడా కనిపించాయి.

"అంతకు ముందు నన్ను కరిచిందండి. అన్నం పెట్టబోతే."

జడ్జి గారు కలం పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఈ సంగతి మీ అబ్బాయి గారికి తెలుసా?"

"వాడే కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బయట చెప్పవద్దన్నాడు. నేనూ చెప్పలేదు."

జడ్జి గారు స్వయంగా అడిగారు. "గేటుకు ఆ బోర్డు ఎప్పుడు కట్టారమ్మా?"

"నన్ను కరిచాకేనండి. కుక్కను తీసెయ్యమంటే బోర్డు కట్టించాడు."

నేను చదివి కూడా వెళ్ళానని ఒప్పుకున్న బోర్డు, నన్ను ముంచిందనుకున్న బోర్డు, ఒక్క మాటతో ఇటు వైపుకు వచ్చేసింది. కుక్క కరుస్తుందని ఆయనకు తెలుసుననడానికి అంతకన్న ఏం కావాలి? నా పక్కన మా ఆయన ఊపిరి వదలడం వినిపించింది.

పెద్ద ప్లీడరు లేచారు. పాపం, ఏదో ఒకటి అడగాలి కదా. "అమ్మగారూ, మీకూ మీ అబ్బాయికీ ఏమైనా మనస్పర్థలున్నాయా? కోపంలో చెబుతున్నారా?"

"కోపం ఉంటే ఇంట్లోనే తీర్చుకునేదాన్ని బాబూ. ఇంత దూరం ఎందుకు వస్తాను" అన్నారు ఆవిడ. "ఆ మనిషి కాలు నుంచి రక్తం కారుతుంటే, ఎదురుకాళ్ళతో ఉన్న నా మనవణ్ణి బయటికి తీసింది. వాడిప్పుడు నా ఒళ్ళో ఆడుకుంటున్నాడు. ఆవిడ దొంగతనానికి వచ్చిందని మావాడు కాగితం మీద రాయించాడు. అది విన్నాక నాకు అన్నం సయించలేదు. కుక్కను నేను తప్పు పట్టనండి. దానికి తెలియదు. మాకు తెలుసు."

పెద్ద ప్లీడరు కూర్చున్నారు. మిల్లు యజమానికి తన వైపు సాక్ష్యం చెప్పవలసిన వంతు వచ్చింది. ఆయన తల ఎత్తలేదు. ప్లీడరు ఆయన చెవిలో ఏదో అన్నారు. తరువాత లేచి, "ప్రతివాది తరఫున సాక్ష్యం లేదండి" అన్నారు.

కోర్టు మెట్ల దగ్గర పెద్దావిడ నాకు ఎదురయ్యారు. "ఇంటికి ఎట్లా వెళతారండీ" అన్నాను. ఆవిడ వచ్చిన జట్కా అక్కడ లేదు.

"మావాడే తీసుకెళతాడు" అన్నారు కారు వైపు చూపించి. "దారంతా మాట్లాడడు. ఇంటికెళ్ళాక అన్నం పెడితే తింటాడు. నీ కాలు ఎట్లా ఉందమ్మా?"

"నడుస్తున్నానండి."

"అదే కావాలి" అని మెట్లు దిగి వెళ్ళారు. మిల్లు యజమాని కారు తలుపు తీసి పట్టుకున్నారు. ఆయన మీద నాకున్న కోపంలో కొంత అక్కడ పోయింది. కొంతే.

తీర్పు చెప్పిన రోజు జడ్జి గారు ఇంగ్లీషులో చదువుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ప్లీడరు చెవులు ఎర్రబడటం చూసి మాత్రం గెలిచామని తెలిసింది. బయటికి వచ్చి ఆయన చెప్పారు. తన స్థలమైనంత మాత్రాన యజమాని బాధ్యత గేటు దగ్గర ఆగిపోదు. పని మీద పిలిపించిన మనిషి వచ్చే దారి భద్రంగా ఉంచవలసినవాడు పిలిపించినవాడే. కరుస్తుందని తెలిసిన కుక్కకు కట్టవలసింది గొలుసు, గేటుకు రేకు కడితే సరిపోదు. ఈ చివరి మాట జడ్జి గారు నిజంగా అలాగే రాశారో, మా ప్లీడరు తెలుగులో కొంచెం మెరుగు పెట్టారో నాకు ఈనాటికీ తెలియదు. నష్టపరిహారం, ఖర్చులు, రెండూ ఇప్పించారు. మిల్లు యజమాని అప్పీలుకు వెళ్ళలేదు. టైగరును మిల్లుకు తరలించి, అక్కడ స్తంభానికి కట్టారు.

హెల్తాఫీసరు నన్ను పిలిపించి, నేను వెళ్ళగానే కుర్చీలోంచి లేచారు. నన్ను సంజాయిషీ అడగడానికి రాసిన కాగితం నా ఎదుటే చించేశారు. మిడ్‌వైఫును పిలిచిన ఇంటివాళ్ళు గేటు దగ్గరికి వచ్చి, కుక్క ఉంటే కట్టేసి, తామే దగ్గరుండి లోపలికి తీసుకెళ్ళాలనీ, అప్పటిదాకా ఆమె రోడ్డు మీదే ఉండవచ్చుననీ ఉత్తర్వు రాశారు. మేము నలుగురం మిడ్‌వైఫులం ఆ రోజు సెంటరులో జిలేబీలు పంచుకున్నాం. చక్కెర కరువు రోజులు. ఆ జిలేబీ బెల్లంతో చేసింది. అంత రుచైన జిలేబీ నేను మళ్ళీ తినలేదు.

షావుకారు మా ఆయన్ను మళ్ళీ రమ్మని కబురు పెట్టారు. మగ్గం మీద ఉన్న చీర పూర్తయ్యాక వస్తానని ఈయన జవాబు పంపారు. ఆ చీర పూర్తయ్యాక ఇంకొకటి ఎక్కించారు.

మా ప్లీడరు గది మెట్ల మీద మాత్రం ఆ నెలంతా జనం. చాకలివాడు, పోస్టుమాను, కూరగాయలమ్ముకునే ఆవిడ, అందరూ పంచెలూ చీరలూ పైకెత్తి మచ్చలు చూపించేవాళ్ళు. కొన్ని మచ్చలు ఆయన కన్నా పెద్ద వయసువి. వాటికి కాలదోషం పట్టిందని ఓపికగా చెప్పి పంపేవారు. బిందె గీసుకుందన్న పాలవాడు కూడా వచ్చాడట. ఇదంతా చూసి ఊళ్ళో కుక్కలున్న పెద్దమనుషులకు బెంగ పట్టుకుంది. వన్‌టౌన్‌లో ఇనుప సామాన్ల కొట్లన్నిటా గొలుసులు అయిపోయాయి. యుద్ధం వల్ల కొత్త సరుకు రాలేదు.

ఆ రోజుల్లోనే సత్యనారాయణపురంలో ఒక ఇంటి నుంచి పిలుపు వచ్చింది. బంగళా, లోపల నుంచి మొరుగుడు. నేను రోడ్డు మీద నిలబడి, "కుక్కను కట్టేసి పిలవండి, వస్తాను" అని గట్టిగా కేక వేశాను. ఉత్తర్వు వచ్చాక అదే మొదటిసారి. చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి. ఇంటాయన, ఏదో పెద్ద ఆఫీసులో అధికారి, చెమటలు కక్కుతూ గేటు దగ్గరికి వచ్చారు. గొలుసు దొరకలేదట. బొచ్చు కుక్కను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉన్నారు. అది ఆయన చెవి నాకుతోంది.

"పట్టుకున్నానమ్మా, గట్టిగానే పట్టుకున్నాను. మీరు దయచేయండి" అన్నారు.

నేను ముందు నడిచాను. కాన్పు అయ్యేదాకా ఆయన దాన్ని కింద పెట్టలేదు. ఆడపిల్ల పుట్టిందని చెప్పడానికి బయటికి వస్తే, వరండాలో అలాగే నిలబడి ఉన్నారు. బిడ్డను చూపించాను. ఎత్తుకుందామంటే చేతులు ఖాళీ లేవు.